సంరక్షణలో ఉన్నవారి ఒంటరితనాన్ని గుర్తించి తగ్గించడం ఎలా

ఇతరుల సాయంతో రోజు గడిపే మనిషి చుట్టూ మనుషులకు కొదవ ఉండదు. ఉదయాన్నే ఒకరు లేపి కూర్చోబెడతారు, మరొకరు మందులిస్తారు, ఇంకొకరు స్నానం చేయిస్తారు, నర్సు వచ్చి రక్తపోటు చూసి వెళుతుంది. ఇన్ని చేతులు తాకిన రోజున కూడా ఆ మనిషితో పనికి సంబంధం లేని మాట ఒక్కటైనా ఎవరూ మాట్లాడి ఉండకపోవచ్చు. సంరక్షణలో ఉన్నవారి ఒంటరితనం మన కంటపడకపోవడానికి ప్రధాన కారణం ఇదే. గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటున్నారు కనుక తోడు ఉన్నట్టేనని మనం నమ్మేస్తాం.

మీరు ఇంట్లో తల్లిదండ్రులనో జీవిత భాగస్వామినో చూసుకుంటున్నవారు కావచ్చు, జీతానికి పనిచేసే సహాయకులు కావచ్చు, వృద్ధాశ్రమంలోనో పునరావాస కేంద్రంలోనో సిబ్బంది కావచ్చు, వారానికొకసారి పలకరించడానికి వచ్చే స్వచ్ఛంద సేవకులు కావచ్చు. ఇక్కడ చెప్పే పద్ధతి మీ అందరికీ ఉపయోగపడేదే. సంరక్షణ అవసరమయ్యేది వృద్ధులకు మాత్రమే కాదని కూడా గుర్తుంచుకోండి. వెన్నుపాము దెబ్బతిని మంచానికి పరిమితమైన యువకులకూ, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మధ్యవయస్కులకూ ఈ బాధ అంతే తీవ్రంగా ఉంటుంది.

ఇది కేవలం మనసుకు సంబంధించిన చిన్న లోటు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025 జూన్‌లో విడుదల చేసిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు, దానితో ముడిపడిన మరణాలు ఏటా 8 లక్షల 71 వేల వరకు ఉంటున్నాయి. అంతకుముందే, 2010లో, 148 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశోధన, బలమైన సంబంధ బాంధవ్యాలు ఉన్నవారు అధ్యయన కాలంలో బతికి ఉండే అవకాశం మిగిలినవారికంటే సుమారు 50 శాతం ఎక్కువని తేల్చింది. కాబట్టి మందు వేళకు ఇవ్వడం ఎంత ముఖ్యమో ఈ పని కూడా అంతే ముఖ్యమని భావించి మొదలుపెట్టండి.

మొదటి అడుగు: కరువైంది ఏమిటో తెలుసుకోండి

సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో ఒంటరితనాన్ని రెండు రకాలుగా విడదీసి చూపారు. మనసు విప్పి మాట్లాడుకోగలిగిన ఒక్క ఆత్మీయ బంధం లేకపోవడం వల్ల కలిగేది మొదటిది. తన వయసువారు, తన అభిరుచులు పంచుకునేవారు, తనను తమలో ఒకరిగా చూసే నలుగురు లేకపోవడం వల్ల కలిగేది రెండవది. ఒకదానికి చేసే చికిత్స మరొకదానికి పనిచేయదు. జీవిత భాగస్వామిని ఇటీవలే కోల్పోయిన వ్యక్తిని రోజూ సాయంత్రం అందరి మధ్యకు తీసుకెళ్లి కూర్చోబెడితే, ఆ సందడిలో ఆ లోటు మరింత స్పష్టంగా తెలుస్తుంది. అలాగే కూతురితో రోజూ గంటసేపు మాట్లాడే తండ్రికి కూడా, తన ఉద్యోగపు రోజుల కబుర్లు అర్థమయ్యే మనిషి ఒక్కరూ మిగలలేదన్న బాధ ఉండవచ్చు. ఆ బాధను కూతురి ప్రేమ పూడ్చలేదు, అందులో ఆమె లోపమేమీ లేదు. మీరు చూసుకుంటున్న వ్యక్తి విషయంలో కరువైంది ఏమిటో ముందుగా ఒక కాగితం మీద ఒకటి రెండు వాక్యాల్లో రాసుకోండి. తరువాత వేసే ప్రతి అడుగూ దాన్ని బట్టే ఉంటుంది.

రెండవ అడుగు: వారం రోజులు గమనించండి

"నాకు ఒంటరిగా ఉంది" అని నేరుగా చెప్పేవారు తక్కువ. అలా చెబితే పిల్లలు నొచ్చుకుంటారని కొందరు, ఇప్పటికే ఇంత భారమయ్యాం, ఇంకేం అడగాలని కొందరు, చెప్పుకోవడం నామోషీ అనుకుని మరికొందరు ఊరుకుంటారు. అందుచేత ఆ మాట వేరే రూపాల్లో బయటపడుతుంది. పదే పదే గంట నొక్కి, మీరు వచ్చాక దుప్పటి సర్దమనో కిటికీ మూయమనో అడగడం ఒక రూపం. మీరు గది దాటబోతుండగా "అన్నట్టు..." అంటూ కొత్త విషయం ఎత్తుకోవడం మరొకటి. పరీక్షల్లో ఏమీ తేలని నొప్పులు, వైద్యులు వచ్చే రోజున మాత్రం కనిపించే ఉత్సాహం, బంధువులు వచ్చి వెళ్లిన సాయంత్రం కారణం లేకుండా వచ్చే కోపం, పగలంతా నిద్ర, ఎవరూ చూడకపోయినా రోజంతా మోగే టీవీ, తల దువ్వుకోవడంపైనా బట్టలపైనా ఆసక్తి పోవడం, తిండి తగ్గడం వంటివన్నీ గమనించవలసిన గుర్తులే. అడిగినదానికల్లా "నాకేం, బాగానే ఉన్నాను" అని ముగించే మనిషి విషయంలో మీరు మరింత శ్రద్ధగా ఉండాలి. ఎక్కువగా పిలిచేవారిని విసుక్కుంటూనైనా అందరూ గమనిస్తారు, ఏమీ అడగని మనిషి మాత్రం మంచివారన్న పేరుతో మరుగున పడిపోతారు.

ఒక్క జాగ్రత్త తీసుకోండి. మీరు పోల్చవలసింది ఆ వ్యక్తి ఇప్పటి తీరును పూర్వపు తీరుతోనే తప్ప పక్క గదిలో ఉన్నవారి తీరుతో కాదు. జీవితమంతా ఏకాంతాన్ని ఇష్టపడి, పుస్తకంతో గడిపిన మనిషి ఇప్పుడూ అలాగే ఉంటే అందులో బాధ లేకపోవచ్చు. అందుకే గుర్తులు కనిపించిన వేళను కూడా పక్కన రాసి పెట్టండి. చాలామందికి ఈ బాధ రోజంతా ఒకే రీతిగా ఉండదు. సాయంత్రం చీకటిపడే వేళ, సెలవు రోజులు, బంధువులు వెళ్లిపోయిన మరుసటి గంట వంటి సమయాల్లో అది పెరుగుతుంది. ఏ వేళ బరువుగా ఉందో తెలిస్తే, మీకున్న కొద్దిపాటి సమయాన్ని సరిగ్గా ఆ వేళకే కేటాయించవచ్చు.

మూడవ అడుగు: శరీరం అడ్డుపడుతోందేమో చూడండి

మనిషి నలుగురికీ దూరం జరగడం వెనుక చాలాసార్లు సరిచేయగలిగిన శారీరక కారణం ఉంటుంది. వీటిలో ముందు చూడవలసింది వినికిడి. సరిగా వినబడనివారు మొదట్లో మళ్లీ మళ్లీ అడుగుతారు, ఎదుటివారి విసుగు చూసి అడగడం మానేసి తల ఊపుతారు, చివరికి సంభాషణలోకి రావడమే మానుకుంటారు. వారిని చూసి మతిమరుపు మొదలైందని ఇంట్లోవాళ్లు అనుకోవడం కూడా అరుదు కాదు. చెవిలో గులిమి గట్టిపడిందేమో చూడమని వైద్యులను అడగండి. వినికిడి యంత్రం ఉంటే దాని బ్యాటరీ పనిచేస్తోందా, అసలు అది చెవికి ఉందా, సొరుగులో ఉందా అని రోజూ ఉదయం చూడండి. కళ్లద్దాలు శుభ్రంగా ఉన్నాయా, కట్టుడు పళ్లు వదులై మాట్లాడటానికి సిగ్గుపడుతున్నారా అనేవి కూడా ఈ తనిఖీలోనే చేర్చండి.

ఎవరూ పైకి చెప్పని కారణం మరొకటి ఉంది. మూత్రం ఆపుకోలేనివారు బయటికి రావడానికీ, ఎక్కువసేపు నలుగురిలో కూర్చోవడానికీ భయపడతారు, కానీ ఆ భయాన్ని "నాకు ఆసక్తి లేదు" అనే మాట వెనుక దాచుకుంటారు. కూర్చునే చోటు మరుగుదొడ్డికి దగ్గరగా ఉండేలా చూడటం, బయలుదేరే ముందు తీసుకువెళ్లడం, మార్చుకునే బట్టలు ఎవరికీ కనిపించకుండా వెంట ఉంచడం చేస్తే, ఎంత నచ్చజెప్పినా గది దాటనివారు తమంతట తాముగా బయటికి రావచ్చు.

నొప్పి, మగత కలిగించే మందులు, కుంగుబాటు కూడా మనిషిని ముడుచుకుపోయేలా చేస్తాయి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడటం, తాను ఎందుకూ పనికిరానన్న మాటలు వినిపిస్తే వైద్య పరీక్ష అవసరం. కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో హఠాత్తుగా మనిషి మందకొడిగా, అయోమయంగా మారితే అది ఇన్ఫెక్షన్ వంటి కారణంతో వచ్చిన మానసిక గందరగోళం కావచ్చు, అప్పుడు ఆలస్యం చేయకుండా వైద్యులకు తెలియజేయండి. "బతకాలని లేదు" అన్న మాట వినబడితే దాన్ని దాటవేయకండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా అని నెమ్మదిగా, నేరుగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా విడిచిపెట్టకుండా వెంటనే వైద్య సహాయం పిలవండి.

నాలుగవ అడుగు: అడగండి, అడిగాక ఆగండి

గమనించినదాన్ని నిర్ధారించుకోవడానికి అడగక తప్పదు. కుటుంబసభ్యులు చుట్టూ ఉన్నప్పుడు అడగకండి. "బాగానే ఉంది కదా?" వంటి, జవాబును ముందే నిర్ణయించే ప్రశ్న వేయకండి. పరిశోధకులు 2004లో మూడు ప్రశ్నలతో తయారు చేసిన ఒక చిన్న కొలమానం ఇంట్లో కూడా వాడుకోవడానికి అనువుగా ఉంటుంది. తోడు కరువైందని మీకు ఎంత తరచుగా అనిపిస్తుంది? మిమ్మల్ని పక్కన పెట్టేశారని ఎంత తరచుగా అనిపిస్తుంది? అందరికీ దూరమైపోయానని ఎంత తరచుగా అనిపిస్తుంది? ఒక్కొక్కదానికి "దాదాపు ఎప్పుడూ లేదు" అంటే 1, "అప్పుడప్పుడు" అంటే 2, "తరచుగా" అంటే 3 వేసుకుంటే మొత్తం 3 నుంచి 9 మధ్య వస్తుంది. 6 లేదా అంతకు మించితే ఒంటరితనం ఉన్నట్టుగా చాలా అధ్యయనాలు లెక్కిస్తాయి. ఈ అంకె రోగనిర్ధారణ కాదు, కొన్ని వారాల తరువాత మళ్లీ అడిగినప్పుడు మార్పు తెలుసుకోవడానికి మాత్రమే దాన్ని వాడండి.

అంకెకంటే విలువైనది ఆ ప్రశ్నల తరువాత వచ్చే మాట. ఎదుటివారు చెప్పడం మొదలుపెట్టగానే "అలా అనుకోకండి, మేమంతా లేమా" అని ఓదార్చాలన్న తొందర మనకు కలుగుతుంది. ఆ ఓదార్పు ప్రేమతో అన్నదే అయినా, చెప్పేవారికి మాత్రం ఇక ఈ విషయం చాలించమన్నట్టుగా వినిపిస్తుంది. కాసేపు మౌనంగా ఉండండి. "రోజులో ఏ వేళ ఎక్కువగా అలా అనిపిస్తుంది?", "ఎవరు గుర్తుకొస్తారు?" అని మాత్రం అడగండి. పక్షవాతం వల్ల మాట పడిపోయినవారిని అవును, కాదు అని సైగతో చెప్పగలిగే ప్రశ్నలతో, ఫొటోలతో, బొమ్మలతో అడగవచ్చు. జవాబుకు వారికి పట్టే సమయాన్ని మీరు మాటలతో నింపకుండా ఉండాలి.

ఐదవ అడుగు: చేసే సేవనే తోడుగా మార్చండి

ఒంటరితనం తగ్గించాలంటే అదనపు సమయం కావాలని సిబ్బంది అంటారు, వారి పని ఒత్తిడి నిజమే. అయినా స్నానం, బట్టలు మార్చడం, భోజనం తినిపించడం, మంచంలో పక్కకు తిప్పడం వంటి పనులకు రోజూ ఎలాగూ పట్టే సమయం చాలా ఉంటుంది. మొదటి మార్పు అక్కడ రావాలి. గదిలోకి వెళ్లే ముందు తలుపు తట్టండి. తమను ఎలా పిలిస్తే ఇష్టమో అడిగి, అలాగే పిలవండి. కళ్లకు ఎదురుగా, వారి ఎత్తుకు కూర్చుని మాట్లాడండి. తాకే ముందు ఏమి చేయబోతున్నారో చెప్పండి. ఇద్దరు సహాయకులు కలిసి ఒకరిని లేవదీస్తున్నప్పుడు, ఆ మనిషి మీదుగా తమ సొంత కబుర్లు చెప్పుకోవడం తరచుగా జరుగుతుంది. మంచంలో ఉన్న వ్యక్తికి తాను అక్కడ లేనట్టుగా అనిపించే క్షణాల్లో అంతకు మించినది లేదు. అందుచేత ఆ సంభాషణలోకి వారిని కూడా కలుపుకోండి, లేదా దాన్ని గది బయటికి వాయిదా వేయండి.

పసిపిల్లలతో మాట్లాడినట్టు ముద్దు మాటలు, సాగదీసిన స్వరం వాడకండి. జీవితమంతా "మీరు" అనిపించుకున్న వ్యక్తిని, ఆరోగ్యం దెబ్బతిన్నదన్న ఒక్క కారణంతో "నువ్వు" అనడం మొదలుపెడితే, చనువు పెరగకపోగా తమ స్థానం పోయిందన్న బాధ మిగులుతుంది. మీరు ఒక సంస్థను నడుపుతున్నవారైతే, వీలైనంత వరకు ఒకే సహాయకులు ఒకే మనిషికి సేవ చేసేలా పనివేళలు వేయండి. రోజుకొక కొత్త ముఖం వచ్చే చోట ఎంత మంచి శిక్షణ ఇచ్చినా పరిచయం పెరగదు.

ఆరవ అడుగు: ఎప్పుడు వస్తారో తెలియనివ్వండి, ఎంచుకోనివ్వండి

మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ షుల్జ్ 1976లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కళాశాల విద్యార్థులు ఒక విశ్రాంత గృహంలో ఉన్న వృద్ధులను కలుస్తూ వచ్చారు. కొందరు వృద్ధులు విద్యార్థులు ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో తామే నిర్ణయించారు. మరికొందరికి రాబోయే సమయం ముందుగా తెలిసేది. ఇంకొందరి దగ్గరికి చెప్పకుండా వచ్చేవారు. మొదటి రెండు బృందాల ఆరోగ్యం, ఉత్సాహం మెరుగుపడగా, చెప్పకుండా వచ్చిన బృందానికి ఎవరూ రానివారికంటే పెద్దగా మేలు కలగలేదు. దీని నుంచి మీరు తీసుకోవలసిన పని చాలా సులువైనది. "వీలున్నప్పుడు వస్తాను" అని చెప్పకండి, "గురువారం సాయంత్రం ఐదుకు వస్తాను, అరగంట ఉంటాను" అని చెప్పి, మంచం నుంచి కనిపించే క్యాలెండర్ మీద పెద్ద అక్షరాలతో రాయండి. రాలేకపోతే ముందుగా ఫోన్ చేసి, మళ్లీ ఎప్పుడు వస్తారో అప్పుడే చెప్పండి. ఎదురుచూడటానికి ఒక రోజు ఉన్నవారికి మిగిలిన రోజులు గడుస్తాయి. దూరంగా ఉన్న పిల్లలు చేసే ఫోన్ కాల్స్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఎప్పుడో ఒకసారి చేసే సుదీర్ఘమైన కాల్ కంటే, నియమిత వేళకు వచ్చే పది నిమిషాల కాల్ మేలు.

అదే సంవత్సరం మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ ప్రచురించిన, ఒక నర్సింగ్ హోమ్‌లో జరిగిన ప్రయోగంలో, తమ గదిని తాము సర్దుకోవడం, సినిమా చూసే రోజును ఎంచుకోవడం, ఒక మొక్కను తామే పెంచడం వంటి బాధ్యతలు తీసుకున్నవారు, అన్నీ సిబ్బంది చేసిపెట్టిన వారికంటే చురుకుగా, సంతోషంగా కనిపించారు. కాబట్టి ఏ బట్టలు, ఎవరి పక్కన కుర్చీ, తలుపు తెరిచి ఉంచాలా మూయాలా, ఈ పూట ఎవరినీ కలవకుండా ఉండాలా అనేవి వారే నిర్ణయించనివ్వండి. వద్దనే హక్కు లేని తోడు కూడా భారమే.

ఏడవ అడుగు: వారి అవసరం మీకు ఉండనివ్వండి

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తరచుగా వదిలిపెట్టేది ఈ అడుగునే. సంరక్షణలో ఉన్న మనిషి ఉదయం నుంచి రాత్రి వరకు ప్రతిదీ పుచ్చుకుంటూనే ఉంటారు, తిరిగి ఇవ్వడానికి వారికి అవకాశమే రాదు. ఇవ్వడానికి ఏమీ మిగలని బంధంలో ఎవరికైనా అతిథిలాగే ఉంటుంది. వైద్యుడు బిల్ థామస్ 1991లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక నర్సింగ్ హోమ్ బాధ్యతలు చూస్తూ, అక్కడివారిని ఒంటరితనం, నిస్సహాయత, విసుగు అనే మూడు బాధలు పీడిస్తున్నాయని గుర్తించారు. ఆయన ఆ భవనంలోకి పక్షులను, కుక్కలను, పిల్లులను, మొక్కలను, చిన్నపిల్లలను తీసుకువచ్చి, వాటి ఆలనా పాలనలో అక్కడివారికి భాగం కల్పించారు. సేవ అందుకునేవారు సేవ చేయగలగడమే నిస్సహాయతకు మందు అన్నది ఆయన పద్ధతికి మూలం.

మీరు ఇంత పెద్ద మార్పు చేయనక్కరలేదు. చేయగలిగిన పని ఏమిటో వెతకండి, అది నిజంగా అవసరమైన పనై ఉండాలి. మడతపెట్టిన బట్టలను విప్పి మళ్లీ ఇచ్చి మడతపెట్టమంటే ఎవరైనా కనిపెడతారు, కనిపెట్టినప్పుడు కలిగే అవమానం చిన్నది కాదు. ఇంటి లెక్కలు సరిచూడటం, పిల్లలకు ఫోన్‌లో పాఠం చెప్పడం, కొత్తగా వచ్చిన మరో వ్యక్తికి ఆ చోటును పరిచయం చేయడం, మొక్కలకు నీళ్లు పోయడం వంటివి చాలామందికి సాధ్యమే. మంచం దిగలేనివారి దగ్గర కూడా అనుభవం ఉంటుంది. వారి వృత్తికి సంబంధించిన సలహా అడిగి, దాన్ని పాటించి, ఫలితం ఏమైందో తిరిగి వచ్చి చెప్పండి. ఆ చివరి భాగాన్ని మరచిపోకండి, తమ మాట ఒకరికి పనికివచ్చిందని తెలిసేది అప్పుడే.

ఎనిమిదవ అడుగు: పాత బంధాల నుంచి మొదలుపెట్టండి

కొత్త స్నేహితులను వెతకడానికి ముందు, తెగిపోయిన పాత పరిచయాలను చూడండి. ఫోన్ నంబర్ల పుస్తకం కలిసి తిరగేసి, ఎవరితో మాట్లాడాలని ఉందో అడిగి, మొదటి కాల్ మీరు కలిపి ఇవ్వండి. అనారోగ్యం తెలిసి ఏం మాట్లాడాలో తోచక దూరమైనవారే చాలామంది ఉంటారు. వీడియో కాల్ వాడేటప్పుడు ఫోన్‌ను స్టాండ్ మీద కళ్ల ఎత్తులో పెట్టి, శబ్దం సరిచూసి, మీరు గది బయటికి వెళ్లండి. బృంద కార్యక్రమాలు పెట్టేవారు ముప్పై మందిని ఒక హాలులో కూర్చోబెట్టే బదులు ఒకే అభిరుచి ఉన్న ముగ్గురు నలుగురిని ఒక బల్ల చుట్టూ చేర్చడం మంచిది.

అవకాశాలు ఎన్ని కల్పించినా కొందరు ముందుకు రారు. "నాతో మాట్లాడాలని ఎవరికుంటుంది" అన్న నమ్మకం వారిలో బలంగా పాతుకుపోయి ఉంటుంది. ఒంటరితనం తగ్గించే ప్రయత్నాలను పోల్చి చూసిన 2011 నాటి ఒక సమీక్ష, కలుసుకునే అవకాశాలు పెంచడం, సామాజిక నైపుణ్యాలు నేర్పడం వంటివాటికంటే ఇటువంటి ఆలోచనలను సరిదిద్దే పద్ధతులే ఎక్కువ ఫలితమిచ్చాయని తేల్చింది. మీరు వాదించి ఆ నమ్మకాన్ని మార్చలేరు. "నిన్న ఫలానావారు మీ గురించి అడిగారు, దాన్ని మీరు ఎలా అర్థం చేసుకున్నారు?" అని అడిగి, వారి అంచనాకు విరుద్ధంగా జరిగిన చిన్న సంఘటనలను వారే గమనించేలా చేయండి. అది లోతుగా పాతుకుపోయిందనిపిస్తే మానసిక నిపుణుల సహాయం తీసుకోండి.

డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే వ్యాధి) ఉన్నవారి విషయంలో తర్కం పక్కన పెట్టాలి. ఎప్పుడో మరణించిన తల్లి కోసం అడుగుతున్నప్పుడు "ఆవిడ లేరు కదా" అని సరిదిద్దితే ప్రతిసారీ కొత్తగా దుఃఖం కలుగుతుంది. "అమ్మ గుర్తుకొస్తున్నారా, ఆవిడ గురించి చెప్పండి" అంటే, ఆ అడగడం వెనుక ఉన్న భయానికి జవాబు దొరుకుతుంది. పరిచయమైన పాట, ఒప్పుకుంటే చేయి పట్టుకుని కూర్చోవడం మాటలకంటే ఎక్కువ దగ్గర చేస్తాయి.

చివరి అడుగు: సమీక్షించండి, వదిలివెళ్లవలసి వస్తే పద్ధతిగా వెళ్లండి

నాలుగు వారాల తరువాత ఆ మూడు ప్రశ్నలూ మళ్లీ అడిగి, మొదట మీరు రాసుకున్న వాక్యాలు ఇంకా నిజమేనా అని చూడండి. మార్పు లేకపోతే మరిన్ని కార్యక్రమాలు చేర్చే ముందు, కరువైన బంధం ఏ రకమైనదో మొదట్లో సరిగా గ్రహించారా అని ఆలోచించండి. ఇంటి సంరక్షకులు తమ గురించి కూడా ఇవే ప్రశ్నలు వేసుకోవాలి. రోజంతా ఒకే గదిలో గడిపే భార్యకో భర్తకో కూడా అదే ఒంటరితనం ఉంటుంది, వారికి వారంలో కొన్ని గంటలు విడుదల దొరికితే ఇద్దరికీ మేలు.

షుల్జ్ ప్రయోగానికి ఒక కొనసాగింపు ఉంది. ప్రయోగం ముగిసి విద్యార్థులు రావడం మానేశాక, 1978లో ప్రచురితమైన తదుపరి పరిశీలనలో, అంతకుముందు మేలు పొందిన వృద్ధుల ఆరోగ్యం, ఉత్సాహం పడిపోయినట్టు తేలింది. అందువల్ల ఎంతకాలం రాగలరో ముందే నిజాయితీగా చెప్పండి, నిలబెట్టుకోలేనంత తరచుగా రావడం మొదలుపెట్టకండి. ఉద్యోగం మారడం వల్లనో ఊరు మారడం వల్లనో వెళ్లవలసి వస్తే కొన్ని వారాల ముందే చెప్పండి. మీ తరువాత వచ్చేవారిని మీతోపాటు రెండు మూడుసార్లు తీసుకువచ్చి, మీరు చూసుకున్న వ్యక్తి ఎలా పిలిపించుకోవడానికి ఇష్టపడతారో, ఏ వేళ బరువుగా ఉంటుందో, ఏ సలహా అడిగితే వారి ముఖం వెలుగుతుందో రాసి ఇవ్వండి. చివరి రోజున వీడ్కోలు చెప్పకుండా జారుకోకండి, మీరు వారి దగ్గర నేర్చుకున్నది ఏమిటో చెప్పి సెలవు తీసుకోండి, క్యాలెండర్‌లో కొత్తవారు వచ్చే తేదీని వారి చేతనే రాయించండి.